మన వ్యవస్థాపకులు డాక్టరు పట్టాభి – వైద్యం మాని చేసిన వైద్యం

(వ్యవస్థాపక దినోత్సవం నాడు మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



నవంబరు నెల వచ్చిందంటే మనందరికీ ముందుగా గుర్తుకొచ్చేది లైఫ్ సర్టిఫికెట్. ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని మనమే వెళ్ళి చెప్పుకోవాలి. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా సరే, కాగితం ఉంటేనే బతికున్నట్టు లెక్క. మనం కూడా ఒకప్పుడు కౌంటరుకు అవతలి వైపు కూర్చుని ఇదే పని చేశాం కనుక, దీని మీద నవ్వుకోవడానికే తప్ప కోప్పడడానికి మనకు హక్కు లేదు.

అదే నవంబరులో మనకు ఇంకో మూడు తేదీలు ఉన్నాయి. 1880 నవంబరు 24న డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పుట్టారు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయింది. అదే నెల 28న మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది. సర్వీసులో ఉన్నప్పుడు ఈ రోజుల్లో పట్టాభిగారి పటానికి దండ వేసేవాళ్ళం, పంచిన స్వీటు తిని సీట్లకు వెళ్ళి పనిలో పడేవాళ్ళం. ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో ఆ పటంలోని మనిషిని గురించి నేను తెలుసుకున్నది చాలా తక్కువ. రిటైరయ్యాక, తీరిక దొరికాక చదివాను. చదివిన కొద్దీ ఒక మాట మనసులో స్థిరపడింది. ఈరోజు మీ ముందు పెట్టదలచుకున్నది ఆ మాటే.

పట్టాభిగారిని లోకం రాజకీయ నాయకుడిగా గుర్తు పెట్టుకుంది. మనం బ్యాంకు స్థాపకుడిగా గుర్తు పెట్టుకున్నాం. ఆయన పేరు ముందున్న ‘డాక్టరు’ అన్న మాటను ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. కొందరైతే అది ఏ విశ్వవిద్యాలయమో ఇచ్చిన గౌరవ బిరుదు అనుకుంటారు. కాదు. ఆయన నిజంగా నాడి పట్టి చూసి, మందు రాసి ఇచ్చిన డాక్టరు. తరువాత చేసిన పనులన్నిటికీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ఏలూరు దగ్గర గుండుగొలను ఆయన ఊరు. కలిగిన కుటుంబం కాదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఏలూరులోను, బందరు నోబుల్ కాలేజీలోను, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోను చదువుకున్నారు. ఆ పైన మద్రాసులోనే వైద్యం చదివి ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ పట్టాతో మద్రాసులోనే ఉండిపోవచ్చు, సర్కారు నౌకరీకీ వెళ్ళవచ్చు. ఆయన 1906 ప్రాంతాన బందరు వచ్చి సొంతంగా ప్రాక్టీసు పెట్టారు.

1906 నాటి బందరు అంటే ఎలాంటిదో ఒకసారి ఊహించుకోండి. జిల్లా కేంద్రమే. కానీ 1864 ఉప్పెనలో వేల ప్రాణాలు పోగొట్టుకున్నాక ఆ రేవు పాత వైభవం తగ్గిపోయింది. చుట్టూ పల్లెలు, కాలువలు, పడవలు. దివిసీమ వైపు నుంచి ఎవరికైనా జబ్బు చేస్తే ఏరు దాటించి, పడవ మీదో బండి మీదో తీసుకురావాలి. డాక్టరు దగ్గర ఉన్నదేమిటి? ఒక స్టెతస్కోపు, ఒక థర్మామీటరు, మలేరియాకు క్వినైను. మశూచికి టీకా ఉంది. పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. మన దేశంలో మనిషి సగటు ఆయుర్దాయం అప్పటికి పాతికేళ్ళ లోపే. అటువంటి కాలంలో డాక్టరు చేతిలో మందు తక్కువ. కనుక చెవి, కన్ను, ఓపిక ఎక్కువ ఉండాలి. రోగి చెప్పేది పూర్తిగా వినాలి. ఏం తింటున్నాడు, ఏ నీళ్ళు తాగుతున్నాడు, ఇంట్లో ఎంతమంది, ఎందుకింత ఆలస్యంగా వచ్చాడు అని అడగాలి.

ఈ చివరి ప్రశ్నకు మన పల్లెల్లో వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. “చేతిలో డబ్బు లేక.”

కృష్ణా డెల్టా మరీ పేద ప్రాంతం కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు వచ్చాయి, వరి పండింది. పంట ఉంది, భూమి ఉంది, కానీ నాట్ల వేళ రైతు చేతిలో రొక్కం లేదు. రొక్కం ఉన్న చోట వడ్డీ ఉంది. విత్తనాలకు అప్పు, పెళ్ళికి అప్పు, వైద్యానికి అప్పు. నోటు మీద నోటు రాసుకుంటూ పోతే మూడో నాలుగో పంటకు పొలం చేతులు మారేది. ఈ జబ్బు క్వినైనుతో తగ్గేది కాదు.

అదే 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే పెద్ద ఇంగ్లీషు కంపెనీ కూలిపోయింది. దానిలో దాచుకున్న ఎంతోమంది ఉద్యోగస్తులు, వితంతువులు, చిన్న సంసారులు రోడ్డున పడ్డారు. ఆ దెబ్బతోనే మన డబ్బు మన చేతిలో ఉండాలన్న ఆలోచన దక్షిణాదిన బలపడింది. 1907లో ఇండియన్ బ్యాంకు అలా పుట్టిందే. వందేమాతరం ఉద్యమం కూడా అప్పుడే మన జిల్లాలకు పాకింది.

బందరులో పట్టాభిగారికి ఇద్దరు గొప్ప స్నేహితులు ఉండేవారు. ఒకరు కోపల్లె హనుమంతరావు గారు, రెండోవారు కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు. ఈ ముగ్గురినీ కృష్ణా జిల్లా త్రయం అనేవారు. హనుమంతరావు గారు సారథిగా 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. కుర్రవాళ్ళకు పుస్తకంతో పాటు చేతిపని కూడా నేర్పాలన్నది వారి సంకల్పం. మన జాతీయ పతాకంతో పేరు ముడిపడిన పింగళి వెంకయ్య గారు కూడా ఆ కళాశాలలో పనిచేసినవారే. పగలు రోగులు, సాయంత్రం కళాశాల పనులు, పత్రిక పనులు, ఆంధ్రోద్యమం. పట్టాభిగారి జీవితం కొన్నేళ్ళు అలా నడిచింది.

తరువాత 1916లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, బాగా సాగుతున్న ప్రాక్టీసు మానేశారు.

ముప్ఫై ఆరేళ్ళు అంటే ఏమిటో ఇక్కడున్న తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు. సంసారం మధ్యలో ఉన్న వయసు. మనలో ఎవరైనా ఆ వయసులో ఉద్యోగం మానేస్తామంటే ఇంట్లో వంట చేసేవారు కాదు. నేనైతే మానే ధైర్యం చేయలేదు సరి కదా, ఒక బదిలీ తప్పించుకోవడానికి ఎన్ని అర్జీలు పెట్టానో నాకే తెలుసు. అటువంటిది ఆయన చేతిలో ఉన్న ఆదాయాన్ని కాదనుకుని ప్రజల పనిలో దిగారు.

అయితే ఇక్కడ ఒక విషయం గమనించండి. రాజకీయాల్లోకి అంటే చాలామంది వేదిక ఎక్కుతారు. ఈయన ముందు లెక్కల పుస్తకం తెరిచారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో పాలు పంచుకున్నారు. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టం ఊళ్ళలో చిన్న సంఘాలకు దారి తీసింది. 1912 చట్టం వాటిపైన కేంద్ర బ్యాంకులకు అవకాశం ఇచ్చింది. ఆ అవకాశాన్ని వాడుకున్నవారిలో ఆయనొకరు. 1923లో మన ఆంధ్రా బ్యాంకు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు, అధీకృత మూలధనం 10 లక్షలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1929లో భారతలక్ష్మి బ్యాంకు. ఇది తరువాత 1964లో మన బ్యాంకులోనే కలిసింది. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. మధ్యలో 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక కూడా పెట్టి చాలా ఏళ్ళు నడిపారు.

ఈ జాబితాను ఒక డాక్టరు రాసిన మందుల చీటీలా చదవండి. నాట్లకు అప్పు కావాలా, సహకార బ్యాంకు. వ్యాపారికి పెట్టుబడి కావాలా, మన మనుషులు నడిపే బ్యాంకు. ఇంటి యజమాని పోతే సంసారం ఏమవుతుంది అంటే ఇన్సూరెన్సు. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క మందు. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది. అది పెద్ద కంపెనీలకు, సర్కారుకు పనికొచ్చేది గాని బందరు బియ్యం వర్తకుడి మొహం చూసేది కాదు. ఆ లోటు తీర్చడానికి మనవాళ్ళు లక్ష రూపాయలు పోగు చేసుకున్నారు. ఆ లక్ష మీదే తరువాత మన అన్నం పుట్టింది.

ఇలా ఆలోచించిన డాక్టరు ఆయన ఒక్కడే కాదు. పడమటి తీరాన ఉడుపిలో టి.ఎం.ఎ. పాయ్ అనే మరో డాక్టరు గారు, తన సహచరులతో కలిసి 1925లో ఒక బ్యాంకు పెట్టారు. అదే సిండికేట్ బ్యాంకు. రోజుకు రెండణాలు దాచుకునే పేదవాడి ఇంటికే మనిషిని పంపి పిగ్మీ డిపాజిట్లు వసూలు చేయించిన బ్యాంకు అది. తూర్పున ఒక డాక్టరు, పడమట ఒక డాక్టరు, రెండేళ్ళ తేడాలో రెండు బ్యాంకులు. రోగి మంచం పక్కన కూర్చున్నవాడికే సంసారంలో డబ్బు ఎక్కడ కారిపోతున్నదో కనిపిస్తుందేమో!

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇందులో తప్పు పూర్తిగా నాది.

1980ల మాట. జాతీయకరణ అయి కొన్నేళ్ళయింది. డెల్టాలో ఒక శాఖలో నేను లోన్స్ సీటులో ఉన్నాను. జూలై నెల, నాట్ల కాలం, బ్యాంకు నిండా రైతులు. ఒకాయన పంట రుణానికి వచ్చాడు. అడంగల్ కాగితం చూశాను. భూమి ఇంకా తండ్రి పేరుతోనే ఉంది. తండ్రి పోయి రెండేళ్ళయింది. “పేరు మార్పించుకుని రండి” అని కాగితం వెనక్కి ఇచ్చాను. ఆయన “బాబుగారూ, ఒక్క మాట” అన్నాడు. “ముందు పేరు మార్పించుకుని రండి” అని తరువాతి మనిషిని పిలిచాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

వారం తరువాత మా మేనేజరు గారు పిలిచారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, పాతకాలం వారు. “ఏమోయ్, ఫలానా రైతు వచ్చాడా నీ దగ్గరకు?” అన్నారు. వచ్చాడు, కాగితాలు సరిగా లేవు, పంపించేశాను అన్నాను. “ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుని నాట్లు వేశాడు. ఆ రోజు అతని పంచె కొంగున భార్య గొలుసు, గాజులు మూట కట్టుకుని వచ్చాడు. పంట రుణం కాకపోతే నగల మీద అప్పు అడుగుదామని. నువ్వు ఆ ఒక్క మాట వినలేదు” అన్నారు.

నా నోట మాట రాలేదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ముప్ఫై ఆరు. అప్రైజరు ఆ రోజు శాఖలోనే ఉన్నాడు. అరగంటలో అయ్యే పని. రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కానీ రోగి మాట వినకుండా చీటీ రాసిన డాక్టరు పనే నేను చేశాను. మేనేజరు గారు ఇంకొక్క మాట అన్నారు. “ఈ బ్యాంకు పెట్టినవాడు డాక్టరు. అది గుర్తుంచుకో.” అప్పుడు ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదు. మరునాటి నుంచి మాత్రం ఎవరికైనా లేదని చెప్పే ముందు “ఇంకేమైనా చెప్పాలా?” అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు వల్ల నాకు ఆలస్యమయింది, ఓవర్‌టైము పోయింది, ఇంట్లో చీవాట్లు తిన్నాను. కానీ ఆ ప్రశ్న వల్ల ఎన్నో పనులు జరిగాయి.

మళ్ళీ పట్టాభిగారి దగ్గరకు వస్తాను. రాజకీయాల్లో ఆయన చాలా ఎత్తుకు వెళ్ళారు. ఆ సంగతులు మీకు తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. 1917లో కలకత్తా కాంగ్రెసులో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెస్ శాఖ కావాలని గట్టిగా వాదించినవారిలో ఆయన ముఖ్యులు. 1918 నాటికి అది ఏర్పడింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో వలంటీర్లను వెంటబెట్టుకుని బందరు సముద్రతీరానికి వెళ్ళారు, జైలుకు వెళ్ళారు. కాంగ్రెసుకు యాభై ఏళ్ళు నిండిన 1935లో ఆ సంస్థ చరిత్రను ఇంగ్లీషులో రాశారు. 1942 ఆగస్టులో బొంబాయిలో అరెస్టయి, నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్ళు బందీగా ఉన్నారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ గారి మీద గెలిచి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యులు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఇంత చేసినా జనం నోట్లో ఆయన పేరు రెండు విషయాలకే నానుతుంది. రెండూ ఆయనకు నొప్పి కలిగించినవే.

మొదటిది 1939. త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ చంద్ర బోసు గారి మీద పోటీ చేశారు. బోసు గారికి 1,580 ఓట్లు, పట్టాభిగారికి 1,377. ఈ ఓటమి పట్టాభిది కన్నా ఎక్కువగా తనదేనని గాంధీగారు ప్రకటించారు. దాంతో ఓడిపోయిన మనిషికి ఆ ఓటమి కూడా సొంతం కాకుండా పోయింది! ఈనాటికీ పిల్లల క్విజ్ పోటీల్లో “బోసు చేతిలో ఓడినది ఎవరు?” అన్న ప్రశ్నకు జవాబుగానే ఆయన పేరు వస్తుంది. మా మనవడు అలాగే నేర్చుకుని వచ్చి, “తాతా, మీ బ్యాంకాయన ఓడిపోయాడట కదా” అన్నాడు. నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే, తప్పు వాడిది కాదు. మిగిలిన కథ మనం వాడికి చెప్పలేదు.

రెండవది 1949. భాషా రాష్ట్రాల సంగతి తేల్చడానికి జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభి ముగ్గురితో ఒక సంఘం వేశారు. మూడు పేర్ల మొదటి అక్షరాలతో జె.వి.పి. కమిటీ అన్నారు. భాషా రాష్ట్రాలకు ఇది సమయం కాదని, ఆంధ్ర రాష్ట్రం మాత్రం ఏర్పాటు చేయవచ్చని, అయితే మద్రాసు నగరం మీద ఆంధ్రులు ఆశ వదులుకోవాలని ఆ నివేదిక చెప్పింది. ఆంధ్ర రాష్ట్రం కోసం ముప్ఫై ఏళ్ళకు పైగా వాదించిన మనిషి, మద్రాసును వదులుకోమన్న కాగితం మీద సంతకం పెట్టారు. ఆంధ్రులకు ఆగ్రహం వచ్చింది. ఇప్పటికీ ఆ విషయంలో ఆయనను క్షమించని పెద్దలు నాకు తెలుసు. ఈ సభలోనూ ఉండవచ్చు.

నేను ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణత్యాగం చేయవలసి వచ్చిందంటే, ఢిల్లీలోని పెద్దలంతా చేసిన ఆలస్యంలో ఆయనకూ భాగం ఉందని అనేవారి మాటను కాదనలేను. చివరకు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు లేకుండానే, కర్నూలు రాజధానిగా. నివేదిక చెప్పినట్టే జరిగింది. డాక్టర్లు కొన్నిసార్లు రోగి బంధువులకు ఇష్టం లేని మాట చెబుతారు. కొన్నిసార్లు ఆ మాట నిజమవుతుంది. అంత మాత్రాన ఎవరూ వచ్చి కృతజ్ఞతలు చెప్పరు. అది సరైన వైద్యమా కాదా అన్నది చరిత్రకారులకు వదిలేద్దాం.

నేను చెప్పేది ఒకటే. రాజకీయం ఆయనకు పదవులు ఇచ్చింది, ఓటమీ ఇచ్చింది, నిందా ఇచ్చింది. అవన్నీ ఇప్పుడు పుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఆయన డాక్టరు కళ్ళతో చూసి పెట్టిన సంస్థ మాత్రం ఆయన పోయాక కూడా అరవై ఏళ్ళు నడిచింది. 1980 ఏప్రిల్ 15న జాతీయమయింది. 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. బందరులో పుట్టి దేశమంతా పాకింది. వేల కుటుంబాలకు ఉద్యోగం ఇచ్చింది. మన పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, అమ్మానాన్నల ఆపరేషన్లు అన్నీ దాని జీతంతోనే కదా జరిగాయి. ఈరోజు మన ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఉందంటే దాని అడుగున ఆ లక్ష రూపాయలు ఉన్నాయి.

ఇక మన మనసులో ఉన్న బాధ సంగతి. 2020 ఏప్రిల్ 1న మన బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. అదే రోజున, డాక్టరు పాయ్ గారి సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. ఇద్దరు డాక్టర్ల బ్యాంకుల పేర్లూ ఒకే రోజున బోర్డుల మీద నుంచి దిగిపోయాయి. ఇంకో మూడున్నరేళ్ళు ఆగితే మనకు నూరేళ్ళు నిండేవి. కరోనా రోజులు కనుక ఒకరినొకరు కలుసుకుని బాధపడడానికి కూడా వీలు లేకపోయింది. మా ఇంటి దగ్గర శాఖకు బోర్డు మార్చిన నాడు మాస్కు పెట్టుకుని వెళ్ళి ఎదుటి అరుగు మీద కూర్చుని చూశాను. పాత బోర్డు దింపుతున్న కుర్రవాడు “ఏం తాతగారూ, పని ఉందా?” అని అడిగాడు. ఏమీ లేదు బాబూ అన్నాను.

విలీనం మంచిదా చెడ్డదా అని చర్చించడానికి నేను రాలేదు. అది ప్రభుత్వ నిర్ణయం. కొత్త సంస్థలో మన పిల్లల వయసువారు పని చేస్తున్నారు, వారూ బాగుండాలి. అయితే ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు నాలో నేను వేసుకున్న ప్రశ్న ఇది. పేరు పోయాక ఇంకేం మిగిలింది?

నాకు జవాబు గత ఏడాది దొరికింది. మా ఇంటికి మూడు వీధుల అవతల మన పాత మిత్రుడొకరు ఉండేవారు. ఆయన పోయి కొంతకాలమయింది. ఒకరోజు దారిలో వారి భార్య కనిపించారు. బాగా చిక్కిపోయారు. “ఎలా ఉన్నారమ్మా?” అంటే “బాగానే ఉన్నాను అన్నయ్యగారూ” అన్నారు. నేను నడిచి నాలుగు అడుగులు వేశాను. అప్పుడు ఆ పాత రైతు గుర్తొచ్చాడు. వెనక్కి తిరిగి, “ఇంకేమైనా చెప్పాలా అమ్మా?” అన్నాను.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఏడు నెలలుగా ఫ్యామిలీ పెన్షన్ జమ కావడం లేదు. ఆయన పోయాక కొన్నాళ్ళే ఇస్తారు కాబోలు, అయిపోయింది కాబోలు అనుకున్నారట. దూరాన ఉన్న కొడుకుకు చెబితే భారమవుతుందని చెప్పలేదు. బి.పి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. సంగతేమిటని చూస్తే, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. భర్త ఉన్నన్నాళ్ళూ ఆ పనులన్నీ ఆయనే చూసుకునేవారు. ఆవిడ కూడా ఏటా ఇవ్వాలని చెప్పినవారు లేరు. మర్నాడు వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడి అమ్మాయి, మనవరాలి వయసుది, కుర్చీ వేసి కూర్చోబెట్టి పావుగంటలో పని చేసి పంపింది. బకాయిలతో సహా డబ్బు జమ అయింది.

ఇందులో బ్యాంకు తప్పు లేదు, రూలు తప్పు లేదు. తప్పు మనది. మనమంతా దండ వేయడానికి ఏటా వస్తున్నాం గాని, మూడు వీధుల అవతల మన మనిషి భార్య మాత్రలు ఆదా చేసుకుంటున్న సంగతి మనకు తెలియదు. పట్టాభిగారి పటం ముందు నిలబడడానికి ఆ రోజు నాకు సిగ్గు వేసింది.

అందుచేత అధ్యక్షుల వారి అనుమతితో ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. మనకు విగ్రహం పెట్టే స్తోమత లేదు, అవసరం కూడా లేదు. మన సభ్యుల జాబితాలో ఎనభై దాటినవారు, మంచాన ఉన్నవారు, భర్త పోయి ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అమ్మలు ఎవరెవరు ఉన్నారో వీధుల వారీగా రాసుకుందాం. కాళ్ళు ఆడుతున్న మనం ఒక్కొక్కరం మూడు నాలుగు ఇళ్ళు పంచుకుందాం. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి తప్పనిసరిగా నవంబరులో, ఆ ఇళ్ళకు వెళదాం. సర్టిఫికెట్ ఇచ్చారా, నామినేషన్ సరిగా ఉందా, పాసుబుక్కులో ఫోను నంబరు పాతదేనా అని చూద్దాం. ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఫోనులో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం ఉంది. మన మనవలకు నేర్పితే అయిదు నిమిషాల పని. వాళ్ళకూ తాతల బ్యాంకు ఏమిటో తెలుస్తుంది. చివరగా లేచి వచ్చేటప్పుడు “ఇంకేమైనా చెప్పాలా?” అని ఒక్క మాట అడుగుదాం.

సభకు వచ్చిన సోదరీమణులకు కూడా ఒక మనవి. ఇంటికి వెళ్ళాక ఈ సాయంత్రమే మీవారిని అడగండి. పెన్షన్ కాగితాలు ఏ బీరువాలో, ఏ ఫైలులో ఉన్నాయో చూపించమనండి. ఇది అశుభం కాదు. ఇన్సూరెన్సు కంపెనీ పెట్టిన డాక్టరు గారు మనకు నేర్పిన జాగ్రత్త.

పెద్దమనుషులు పెట్టిన సంస్థల పేర్లు మారవచ్చు, బోర్డులు దిగవచ్చు. ఆస్పత్రి పేరు మారినా అక్కడ బతికి బయటపడిన రోగి ఆ డాక్టరును మరచిపోడు. మనం ఆ డాక్టరు దగ్గర నయమైన కుటుంబాలం. ఆయన పద్ధతిని ఇంకో నాలుగు ఇళ్ళకు తీసుకువెళితే, అదే ఆయన బ్యాంకుకు మన లైఫ్ సర్టిఫికెట్.

 భోజనాలు సిద్ధమైనట్టు వెనక నుంచి సైగ చేస్తున్నారు. కాగితం, పెన్ను కార్యదర్శి గారి దగ్గర పెట్టాను. భోజనానికి వెళ్ళేటప్పుడు మీ వీధి పేరు, మీరు చూడగల ఇళ్ళ సంఖ్య రాసి వెళ్ళండి. మొదటి పేరు నాది రాశాను.